మధ్య కుర్చీ

మా బావకు జ్వరం వచ్చినప్పుడు అక్కకు అనుమానం మొదలైంది. ఆయన నోట్లో థర్మామీటరు పెట్టుకుని సోఫాలో కూర్చున్నాడు. అది సన్నగా కూతపెట్టింది. ఆయన కదల్లేదు. కాసేపటికి అది తన దారిన తాను ఆరిపోయింది. బావ మాత్రం బుద్ధిమంతుడిలా మూతి బిగించి గోడవంక చూస్తూనే ఉన్నాడు. మాట్లాడకుండా ఆయన అంతసేపు కూర్చోవడం పెళ్ళయ్యాక అదే మొదలు కాబట్టి అక్క ముందు సంతోషించింది, ఆ తరవాత భయపడింది.

"ఎప్పుడో మోగిందండీ, వినపడలేదా?" అని అడిగితే, "ఇది మోగే రకం కాదు" అన్నాడట.

అక్క నాకు ఫోన్ చేసి ఇదంతా చెప్పి, "ఎవరితోనూ అనకు" అంది. మా అక్క ఆ మాట అందంటే అప్పటికే నలుగురికి చెప్పేసి ఉంటుంది. ఈసారి మాత్రం నాకొక్కదానికే చెప్పిందని గొంతును బట్టి తెలిసింది.

ఇంకొకరి మొగుడికైతే ఇది పెద్ద విషయం కాదు. వయసు మీద పడితే ముందు పోయేవి సన్నటి శబ్దాలే. కానీ మా బావ బతుకంతా చెవుల మీదే నడిచింది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ రేడియోలో రికార్డింగు గదిలో కూర్చుని ఊళ్ళోవాళ్ళ గొంతులు సరిచేశాడు. రిటైరయ్యాక ఇంటి ముందు గదిని పాటలు వినే గది చేశాడు. నేను నడిపే సంగీత పత్రికలో ఏటా "ఈ ఏటి మేటి డిస్కు" అని ఒకటి ప్రకటిస్తాం. దాన్ని ఎంచే ముగ్గురిలో ఆయన పెద్ద. ఆయనవి పాముచెవులని మా పాఠకులు అంటారు. పాముకు చెవులే ఉండవని చదువుకున్నవాళ్ళు చెబుతారు గానీ, మా పాఠకులు అంతదాకా వెళ్ళరు.

ఈ ఎంపికకు వచ్చేవి మామూలు సీడీలు కావు. చూడటానికి అలాగే ఉంటాయి, లోపల మాత్రం ఒకదాని కింద ఒకటి రెండు పొరలు ఉంటాయి. పై పొరను ఏ ప్లేయరైనా చదువుతుంది. లోపలి పొరలో అదే పాట ఇంకా ఎంతో వివరంగా ఉంటుంది, దాన్ని చదవడానికి వేరే ప్లేయరు కావాలి. ఆ లోపలి పొర కోసమే జనం వీటిని కొంటారు. కొన్నాక నిజంగా తేడా వింటున్నారా, విన్నామని అనుకుంటున్నారా అన్నది వాళ్ళకూ వాళ్ళ చెవులకూ మధ్య వ్యవహారం.

బావ గదిలో గోడలకు మందపాటి కర్టెన్లు, నేల మీద తివాచీ, ఎదురుగా మనిషెత్తు స్పీకర్లు రెండు. వాటికి సరిగ్గా ఎదురుగా, చేతుల్లేని పాత చెక్క కుర్చీ ఒకటి. అదే మధ్య కుర్చీ. అక్కడ కూర్చుంటేనే రెండు స్పీకర్ల ధ్వనీ కుదురుగా కలుస్తుంది. జానెడు ఇటు జరిగితే పాడే మనిషి గోడలోకి పోతుంది. అందుకని కుర్చీ కాళ్ళ చుట్టూ తివాచీ మీద తెల్ల టేపు అంటించి ఉంటుంది. ఊడ్చేటప్పుడు అక్క దాన్ని కదిలించకూడదు. పెళ్ళినాటి మంచానికి కూడా ఆ ఇంట్లో అంత మర్యాద లేదు.

ఆ కుర్చీ పోతే బావ ఏమవుతాడో మా ఇద్దరికీ తెలుసు. రిటైరైన కొత్తలో ఆయన పొద్దున్నే స్నానం చేసి, చొక్కా టక్ చేసుకుని, వెళ్ళడానికి చోటు లేక వరండాలో నిలబడేవాడు. ఆ నిలబడటం నేను చూశాను. మళ్ళీ చూడాలని నాకు లేదు.

మిగతా ఇద్దరి గురించి కూడా చెప్పాలి. ఒకాయన వయొలిన్ మాస్టారు. మంచివాడు, బావ ఎదుట గట్టిగా తుమ్మను కూడా తుమ్మడు. రెండో ఆయనకు స్పీకర్లూ ప్లేయర్లూ అమ్మే షాపు ఉంది. ఏ డిస్కు పెట్టినా "గాలి ఉందండీ దీంట్లో" అంటాడు. వాయిద్యానికీ వాయిద్యానికీ మధ్య జాగా తెలుస్తోందని ఆయన ఉద్దేశం. మేం ఆయన్ను గాలిగారు అంటాం, ఎదురుగానే. ఆయనకు అది బిరుదులా నచ్చింది.

ఈ ఏడు కొత్తగా చెవుల డాక్టరమ్మను పిలిచింది నేనే. ఆవిడ మా పాఠకురాలు. మొహమాటం తక్కువ మనిషి. "మీ పత్రికలో రాసేదాంట్లో సగం చెవులతో విన్నది కాదు" అని నా మొహం మీదే అంది. నాకు ఒళ్ళు మండింది. మండింది కాబట్టే, వచ్చి చూడమని పిలిచాను. ఆ తరవాత వచ్చింది బావకు జ్వరం.

అందరం ఒకసారి బావ ఇంట్లో కూర్చున్నప్పుడు డాక్టరమ్మ అడిగింది.

"ఎంపికకు ముందు చిన్న పరీక్ష పెట్టుకుందామా? ఒకే డిస్కు. ఒకసారి పై పొర, ఒకసారి లోపలి పొర. ఏది మంచిదో చెబితే చాలు."

అక్క గుమ్మంలోంచి నావైపు చూసింది. నేను ఏదో ఒక వంక చెప్పి తప్పిద్దామని గొంతు సవరించుకునేలోపే బావ అందుకున్నాడు.

"చిన్నదెందుకమ్మా, పెద్దదే పెట్టండి. చెప్పలేనివాడు కుర్చీ ఖాళీ చేస్తాడు. నేనైనా సరే."

కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. పొగరు అనుకున్నాను. ఇంటికి వెళ్ళాక కూడా ఆయన మీద కోపం తగ్గలేదు.

పరీక్ష ముందురోజు అక్క ఒక ఉపాయం చెప్పింది.

"మంచి పొర వస్తున్నప్పుడు నువ్వు దగ్గు. ఆయనకు ముందే చెప్పి ఉంచుతా."

"ఏది మంచిదో నాకు తెలిస్తే కదక్కా దగ్గేది?"

"నీకు పత్రిక ఉందిగా, ఆ మాత్రం తెలియదా?"

నాకు తెలిసినా బావ ఒప్పుకోడు. ఆ సంగతి అక్కకూ తెలుసు, అయినా అడగకుండా ఉండలేకపోయింది.

ఆదివారం మధ్యాహ్నం అందరం చేరాం. ఫోన్లు బయట బల్ల మీద పెట్టేశాం. కర్టెన్లు మూశాం. డిస్కులు వినే రోజున ఆ ఇంట్లో ఫ్రిజ్ కూడా ఆపేస్తారు, దాని రొద పాటలో కలుస్తుందని. "పాలు విరిగితే ఆ డిస్కులే పిండుకు తాగండి" అని అక్క ఏటా అనే మాట ఈ ఏడు అనలేదు. చప్పుడు చేయకుండా వెళ్ళి స్విచ్ తీసేసింది.

డిస్కు డాక్టరమ్మే తెచ్చింది. ఒక అమ్మాయి గొంతు, ఒక గిటారు, చరణం చివర చిన్న ఇత్తడి గంట. పై పొరలో ఆ గంట మోత మొదట్లోనే తెగిపోతుందనీ, లోపలి పొరలో చివరిదాకా ఉంటుందనీ, తేడా చిన్నపిల్లలకైనా తెలుస్తుందనీ వంటింట్లో నాకు చెప్పింది. గట్టిగా వినపడేదే మంచిదని చెవి మోసపోతుంది కాబట్టి, మీటరు పెట్టి రెండు పొరల ధ్వనీ సమానం చేసే ఏర్పాటు కూడా చూసుకుంది. ప్లేయరు ముందు అడ్డంగా దుప్పటి కట్టి, దాని వెనక తను కూర్చుంది. ఏ పొర పెడుతోందో వినేవాళ్ళకు తెలియకూడదు కదా.

గాలిగారు ముందు కూర్చున్నాడు. తరవాత మాస్టారు. చివర బావ. ఒక్కొక్కరికీ పాట ఒకసారి వచ్చింది, మళ్ళీ మొదటినుంచి ఇంకోసారి వచ్చింది. ఎవరూ మాట్లాడకుండా తమ మాట చీటీ మీద రాయాలి. నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. నాకు తేడా ఏమీ తెలియలేదు. మధ్య కుర్చీలో లేను కదా, అందుకేలే అనుకున్నాను.

బావ వింటున్నంతసేపూ కళ్ళు మూసుకునే ఉన్నాడు. పాట అయిపోయాక కూడా పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుని, చివరికి ఏదో చిన్న ముక్క రాశాడు.

చీటీలు నేను చదివాను. గాలిగారు: "రెండోదే మంచిది. గాలి ఉంది. మొదటిసారి అమ్మాయి గదిలో పాడింది, రెండోసారి మైదానంలో పాడింది." మాస్టారు: "రెండోది. గంటలో ఇత్తడి తెలుస్తోంది. గిటారు తీగ మీద వేలు జారడం కూడా." బావ: "రెండూ ఒకటే."

"నేను రెండోసారే లోపలి పొర పెట్టాను" అంది డాక్టరమ్మ దుప్పటి వెనకనుంచి వస్తూ. చివరి మాట దగ్గర బావ వైపు చూసి గొంతు తగ్గించింది.

బావ లేచాడు. కుర్చీ మీది దిండు సర్ది, తెల్ల టేపు గీతలు దాటి ఇవతలికి వచ్చాడు.

"మాటంటే మాటే" అన్నాడు.

టీ పళ్ళెంతో వస్తున్న అక్క గుమ్మంలోనే ఆగిపోయింది. నాకు బాధేసింది. ఆ బాధలో ఏం చేయాలో తెలియక నా పని నేను చేసుకున్నాను. డిస్కు తీసి పెట్టెలో పెడదామని దుప్పటి వెనక్కి వెళ్ళాను. ప్లేయరుకు ఒక చిన్న గాజు కిటికీ ఉంటుంది, ఏ పొర నడుస్తోందో దాంట్లో కనిపిస్తుంది. లోపలి పొర గుర్తు అక్కడ లేదు. సీడీ అనే ఉంది.

"డాక్టర్‌గారూ, పొర మార్చడానికి బటన్ నొక్కారా?"

"నొక్కానుగా. ప్రతిసారీ నొక్కాను."

"పాట ఆపి నొక్కారా, నడుస్తుండగా నొక్కారా?"

"ఆపడమెందుకు?"

డిస్కు తిరుగుతున్నప్పుడు ఆ బటన్ ఎంత నొక్కినా ప్లేయరు మాట వినదు. ముందు పూర్తిగా ఆపాలి, అప్పుడు నొక్కాలి. ఈ డిస్కులతో కాపురం చేసేవాళ్ళందరికీ ఇది తెలుసు. డాక్టరమ్మకు తెలియదు, తెలియదేమోనని మాలో ఎవరికీ తట్టలేదు. అంటే మధ్యాహ్నం నుంచీ ముగ్గురూ విన్నది పై పొరనే, రెండేసి సార్లు.

డాక్టరమ్మ నెత్తిమీద చెయ్యి పెట్టుకుంది. "తప్పు నాదే. మీటరు చూసుకుంటూ గంట సంగతే పట్టించుకోలేదు. వీళ్ళలో సరిగ్గా చెప్పింది సార్ ఒక్కరే" అంది.

మాస్టారు చెవులు ఎర్రబడ్డాయి. గాలిగారు వెళ్ళి అక్క పళ్ళెంలోంచి టీ కప్పు తీసుకుని దాంట్లోకి చూడసాగాడు. నేను ఊరుకోవచ్చు, కానీ ఊరుకోలేదు.

"మరి మైదానం ఎక్కడినుంచి వచ్చిందండీ?"

"మైదానం మనసులో ఉంటుందమ్మా" అన్నాడు గాలిగారు. ఆయన్ను మెచ్చుకోవాలి, పడ్డా మీసానికి మట్టి అంటనివ్వడు.

ఆ వెంటనే గది తీరు మారిపోయింది. మాస్టారు బావను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టాడు. "పాముచెవులని ఊరికే అన్నారా" అన్నాడు గాలిగారు. అక్క బావ టీలో ఇంకో చెంచా చక్కెర వేసింది. బావ టీ తాగుతుంటే ఆయన మొహంలో వెలుగు చూశాను. రేడియోలో పనిచేసే రోజుల్లో ఉండేది ఆ వెలుగు. ఆయన ఎందుకు సరిగ్గా చెప్పాడో ఆ గదిలో నాకూ అక్కకూ తెలుసు. తేడా ఉన్నా ఆయన అదే చెప్పేవాడు. అక్క కళ్ళతోనే నన్ను బతిమాలింది. నేను నోరు విప్పకూడదని నిర్ణయించుకున్నాను. పత్రిక పరువు సంగతి తరవాత చూసుకోవచ్చు.

డాక్టరమ్మ ఒక్కతే ఒప్పుకోలేదు. "ఈసారి సరిగ్గా పెడతాను. పరీక్ష జరగనే లేదు కదా."

"ఇంకెందుకండీ, తేలిపోయిందిగా" అన్నాడు గాలిగారు.

"అవును, ఎంచాల్సిన డిస్కులు అలాగే ఉన్నాయి" అన్నాను నేను.

"పాలు విరిగిపోతాయి" అంది అక్క.

బావ తప్పించుకోవడానికి అందరం కలిసి దారి వేశాం. కావలసిందల్లా ఆయన ఆ దారిన నడవడమే. బావ కప్పు కింద పెట్టాడు.

"పెట్టండమ్మా. ఈసారి మాస్టారు కూర్చుంటారు. నేను ఇలా పక్కన నిలబడి వింటా. చీటీలు వద్దు, నోటితోనే చెబుదాం."

ఈసారి డాక్టరమ్మ నన్ను కూడా దుప్పటి వెనక్కి పిలిచింది. మొదట పై పొర. గంట మోగి, టక్కున ఆగింది. డాక్టరమ్మ పాట ఆపి, బటన్ నొక్కి, గాజు కిటికీలో గుర్తు మారడం నాకు చూపించింది. నేను మళ్ళీ గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాను. రెండోసారి పాట మొదలైంది. చరణం అయింది. గంట మోగింది. మోగి, సన్నబడి, ఇంకా సన్నబడి, అమ్మాయి తరవాతి మాట ఎత్తుకునేదాకా గదిలో ఎక్కడో తిరుగుతూనే ఉంది. మధ్య కుర్చీలో లేకపోయినా నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఇన్నేళ్ళుగా ఈ పత్రిక ఎందుకు నడుపుతున్నానో ఆ కాసేపు గుర్తొచ్చింది.

పాట అయింది.

"ముందు మీరు చెప్పండి సార్" అన్నాడు మాస్టారు.

"ఒకటే" అన్నాడు బావ.

మాస్టారు నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచి, "ఒకటే" అన్నాడు.

"నిస్సందేహంగా ఒకటే. గాలి కూడా ఒకటే" అన్నాడు గాలిగారు.

డాక్టరమ్మ నావైపు చూసింది. నేను అక్క వైపు చూశాను. ఎవరం ఏమీ అనకముందే బావ నవ్వడం మొదలుపెట్టాడు.

"మాస్టారూ, రెండోసారి గంట మోగినప్పుడు మీ కనుబొమ్మలు లేచాయి."

"లేదు సార్."

"లేచాయి. మొదటిసారి లేవలేదు, రెండోసారి లేచాయి. ఒళ్ళో చెయ్యి కూడా విచ్చుకుంది. నాకు కళ్ళు బాగానే ఉన్నాయి."

మాస్టారు తల దించుకున్నాడు. "మీరు ఒకటే అన్నారు కదా సార్. ఇందాక మీరే కరెక్టయ్యారు. నా చెవిదే తప్పేమో అనుకున్నాను."

"ఇందాక నాకు వినపడక అన్నా. ఇప్పుడూ వినపడకే అన్నా." బావ గొంతులో నవ్వు పోయింది. "చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఆ ఎముక కొరకడం నీ తాతల తరం కాదు అన్నాడట. వాడంటే అన్నాడు, పాపం చెవిటివాడు. ఊదినవాడు కూడా అది ఎముకేనేమో అనుకుంటే ఎలాగయ్యా?"

మాస్టారు లేవబోతే బావ ఆయన భుజం పట్టి ఆపాడు.

"నా చెవుడు నాతో పోనివ్వండి. మీకు అంటించకూడదు" అన్నాడు.

అక్క పళ్ళెం బల్ల మీద పెట్టింది. "థర్మామీటరు మోగిన రోజునే తెలిసిందా మీకు?"

"అంతకుముందే తెలుసు. వంటింట్లో నీ టైమరు ఎప్పుడో మోగడం మానేసిందనుకున్నా. ఒకరోజు నువ్వు అది మోగగానే లేచి వెళ్ళావు."

"మరి పరీక్ష పెట్టమని మీరే అన్నారెందుకండీ?"

"నా అంతట నేను లేవలేకపోయానే" అన్నాడు. "ఎవరైనా లేపుతారని చూశా. లేపితే మళ్ళీ తీసుకొచ్చి కూర్చోబెట్టారు."

అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. నాకు ఆయన పొగరు మీద ఇన్నాళ్ళూ ఉన్న కోపం ఎటు పోయిందో తెలియలేదు. డాక్టరమ్మ, రేపు ఒకసారి ఆస్పత్రికి రమ్మంది. వస్తానన్నాడు. ఆ తరవాత గోడ పక్కనున్న స్టూలు లాక్కుని, మధ్య కుర్చీకి ఎదురుగా, మాస్టారి మోకాళ్ళకు దగ్గరగా కూర్చున్నాడు.

"ఇప్పుడు చెప్పండి. రెండోసారి గంట ఎలా ఉంది?"

మాస్టారు గాలిగారి వైపు చూశాడు. గాలిగారు మొదటిసారిగా ఏమీ అందించలేదు.

"మోగింది సార్. తరవాత సన్నబడింది." మాస్టారు ఆగి, వెతుక్కున్నాడు. "ఎప్పుడు ఆగిందో తెలియలేదు. అమ్మాయి మళ్ళీ పాట ఎత్తుకున్నాక చూసుకుంటే లేదు."

బావ కళ్ళు మూసుకుని ఆ మాటలు విన్నాడు. పాట విన్నట్టే విన్నాడు, తల కొంచెం పక్కకు వంచి.

"మరదలా, ఈ ఏడు పత్రికలో ఇలాగే రాయించు" అన్నాడు కళ్ళు తెరవకుండానే. "లోహాలూ మైదానాలూ వద్దు."

అక్క వంటింట్లోకి వెళ్ళింది. పాలు చూసుకుని, ఫ్రిజ్ స్విచ్ వేసింది. అది ఒకసారి అదిరి, గుర్రుమంటూ మొదలైంది.

"అది వినపడుతోంది" అన్నాడు బావ.